ఇప్పనూనె పోసిన మోపెడ్

సంచి అడుగున దోమతెర పరిచాను. దాని మీద రెండు తెల్లచీరలు, సబ్బు పెట్టె, దువ్వెన, కాన్పులప్పుడు వాడే కత్తెర చుట్టిన గుడ్డ, జ్వరం చూసే గాజుపుల్ల. చివర్లో ఆవకాయ జాడీ మూతికి పాత పంచె ముక్క గట్టిగా కట్టి, ఒరగకుండా చీరల మధ్య కూర్చోబెట్టాను.

"మూతేది వదినా?" అంది నిర్మల.

"ఈడనే ఉంటది."

"మూత లేని జాడీ మోసుకపోవాల్నా? గతుకులకు నూనె కారి చీరలు ఎర్రగైతే, అక్కడి డాక్టరు నర్సొచ్చిందనుకోడు, పెళ్లికూతురొచ్చిందనుకుంటడు."

"అనుకోనీ. ఆవకాయ అయిపోయినంక జాడీ తెచ్చి నువ్వే మూత పెట్టుకో."

ఆమె నవ్వింది. నా సంగతి ఆమెకు తెలుసు.

అది మా అమ్మ పద్ధతి. దూరం వెళ్లేవాళ్ల చేతికి ఆమె ఏ వస్తువూ పూర్తిగా ఇచ్చేది కాదు. గిన్నె ఇస్తే మూత ఉంచుకునేది. గ్లాసుల జతలో ఒకటే ఇచ్చేది. మిగిలిన సగం ఇంట్లో ఉంటే, వెళ్లిన సగం దాన్ని వెతుక్కుంటూ వస్తుందనీ, దాన్ని పట్టుకుని మనిషి కూడా వస్తుందనీ ఆమె నమ్మకం. మా ఆయన బసవపున్నయ్యకు పచ్చకామెర్లు ముదిరి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయిన రోజున ఆయన సంచి కూడా నేనే సర్దాను. కళ్లజోడు పంపి, దాని పెట్టె నా దగ్గర ఉంచుకున్నాను. కళ్లజోడు వచ్చింది.

అయినా ఆ పద్ధతి మానలేకపోయాను.

అది 1986 డిసెంబరు ముప్పయ్యో తేదీ, మంగళవారం. తెల్లవారితే నిర్మల వెళ్లిపోతుంది. నిర్మలాదేవి మా ఆయన చెల్లెలు. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో కాపురం చేసేది. ఆరేళ్లయినా పిల్లలు కలగలేదని ఆ ఇంటివాళ్లు ఒక సంచి చేతికిచ్చి బస్సెక్కించారు. ఆ సంచీ ఇదే. వచ్చిన రోజున వసారాలో కూర్చుని, కళ్లెత్తకుండా, అందులోంచి ఒక్కొక్క చీరా తీసి మోకాలి మీద సాపు చేసి చెక్కపెట్టెలో పెట్టుకుంది. ఏడవలేదు. ఆ సాపు చేయడమే నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

మా ఆయన ఆమెను నర్సు ట్రైనింగుకు పంపాడు. ఆయన పోయాక దమ్మపేట నుంచి అడవి వైపు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఎనిమిదేళ్లు ఆమె చుట్టుపక్కల గూడేల్లో టెంపరరీగా పనిచేసింది. మొదట కాలినడకన, తర్వాత ఒక ఎర్ర మోపెడ్ మీద. తొక్కితే సైకిలు, మోటారు అందుకుంటే బండి. ఆ బండి చప్పుడు అడవి మలుపు దగ్గర వినపడగానే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని.

ఇప్పుడు పర్మినెంటు పోస్టు వచ్చింది. భద్రాచలం దాటాక, పెద్దరోడ్డు మీదే ఉన్న సెంటరు. దాని కింద పద్నాలుగు గూడేలు. సొంత బండి ఉన్నవాళ్లకే ఇస్తామనీ, జనవరి ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండులోపు బండితో సహా హాజరు కావాలనీ కాగితంలో ఉంది. బండి మీద నాలుగు గంటల దారి. "ప్రతి రెండో శనివారం వస్తా వదినా. నాలుగు గంటలంటే ఎంత, ఒక సినిమా మీద ఇంకో గంట" అంది నిర్మల. నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. నెలకు ఒక రాత్రి, మహా అయితే రెండు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే ఒక పని జరిగింది. గూడెంలో బాలింతలకు చెప్పి రావడానికి పోతూ నిర్మల నాతో అంది: "డబ్బాల పెట్రోలుంది వదినా. సగం ట్యాంకుల పొయ్యి, సగం దారికుంచు. నూనె కలుపుడు మర్చిపోకు."

ఆ రకం బండికి పెట్రోలులో నూనె కలపాలి. ట్యాంకు మూతే కొలత. బండితో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. బడికి పోకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని కాబట్టి ఇంట్లోకి వచ్చిన ఏ అచ్చు కాగితాన్నీ నేను వదలను. ఆ పుస్తకం నిర్మల కంటే నేనే ఎక్కువసార్లు చదివాను. అందులో పెద్ద అక్షరాలతో ఉంది: నూనె కలపని పెట్రోలుతో బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు. ఇంజను బిగుసుకుపోవును.

నూనె సీసా వంచితే అడుగున గరిటెడు కూడా లేదు. పెట్రోలు బంకు ఏడు కిలోమీటర్ల అవతల. నా వేలు 'బిగుసుకుపోవును' అన్న మాట మీదే ఉండిపోయింది. నడి అడవిలో బండి బిగుసుకుపోయి, నిర్మల ఒక్కతే రోడ్డు పక్కన నిలబడటం కనిపించింది.

వసారా గూట్లో ఇప్పనూనె సీసా ఉంది. లోపలి గూడెం నుంచి కన్నమ్మ ఇప్పగింజల నూనె తెచ్చిచ్చి, బదులు మా తోట మిరపకాయలు పట్టుకెళ్లేది. ఆ నూనెతో మేము దీపం పెట్టుకుంటాం, మోకాళ్లకు రాసుకుంటాం. కన్నమ్మ వాళ్లు వంటే చేసుకుంటారు. మధ్యాహ్నపు ఎండకు కరిగి, చిక్కగా, పసుపుపచ్చగా, బండి నూనె లాగే జారుతోంది. రెండు మూతలు పోశాను. భయానికి ఇంకొకటి పోశాను. ట్యాంకు పట్టుకుని ఊపి మూత బిగించాను. నిర్మలకు చెప్పలేదు. ఆమెకు ఆ రోజు వంద పనులు. ఇదొకటి చెప్పి నవ్వించుకోవడం ఎందుకనుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున బాగా చలి. నిర్మల సంచి వెనక కట్టుకుని, తలకు శాలువా చుట్టుకుని, బండిని స్టాండు మీద నిలబెట్టి పెడల్ తొక్కింది. ఇంజను మూలిగింది గాని అందుకోలేదు. ఇరవైసార్లు తొక్కింది. శాలువా తీసేసింది. మళ్లీ తొక్కింది.

"ఆ పుస్తకం తే వదినా."

లాంతరు పెట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. "ఒకటి. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా చూడవలెను."

"నువ్వేగా పోసినవ్."

"చూడవలెను అని ఉంది."

మూత తీసి చూసింది. "ఉన్నది. తర్వాత?"

"రెండు. పెట్రోలు కాక్ తెరిచి ఉన్నదా చూడవలెను."

"తెరిచే ఉంది. జల్దీ చదువు, తెల్లారిపోతంది."

"మూడు. ప్లగ్గును విప్పి, వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి, పెడల్ తొక్కుచూ నిప్పురవ్వ వచ్చుచున్నదా గమనించవలెను."

పానాతో ఆమె ప్లగ్గు విప్పింది. నేను కొంగు మడతపెట్టి దాన్ని ఇనుముకు ఆనించి పట్టుకున్నాను. ఆమె తొక్కింది. చెయ్యి మోచేతి దాకా జిల్లుమని, ప్లగ్గు వదిలేసి వెనక్కి కూలబడ్డాను.

"రవ్వొచ్చిందా?"

"నాకొచ్చింది" అన్నాను.

ఆమె పెడల్ మీదే తల వాల్చి నవ్వింది. నేనూ నవ్వాను. ప్లగ్గు తుడిచి బిగించింది. బండి కదల్లేదు. నాలుగో మాట ఒక్కటే మిగిలింది: పై మూడును సరిగా ఉండి కూడా బండి కదలనియెడల డీలరును సంప్రదించవలెను. డీలరు ఖమ్మంలో ఉన్నాడు.

బస్సులో పోయి బండిని తర్వాత తెప్పించుకోవచ్చు కదా అని చదివేవాళ్లు అనుకోవచ్చు. బండి చూపిస్తేనే ఆ పోస్టు. నిర్మల ఆ కాగితం మడతలు విప్పి మళ్లీ మళ్లీ చూసుకుంది.

పన్నెండు దాటాక, కోపంతో పోతూ పోతూ పెడల్‌ను ఒక్క తన్ను తన్నింది. బండి అందుకుంది. వసారా అంతా పొగ. నిర్మల చప్పట్లు కొట్టి సంచి కోసం లోపలికి పరిగెత్తింది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర రాహుకాలం. ఇప్పుడొద్దు."

"వదినా, ఇంజను తిరుగుతంది."

"తిరగనీ. మీ అన్నను రాహుకాలంలనే తీసుకపోయిన్రు."

ఆ మాటకు ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. ఒకటిన్నర తర్వాత బయలుదేరితే భద్రాచలం అవతలి అడవిలో పొద్దుగూకుతుంది. "సరే, రేపు పొద్దున నాలుగున్నరకు పోతా. పన్నెండు లోపల చేరితే సాలు గదా" అంది.

ఆ సాయంత్రం వంకాయ కాల్చి పచ్చడి చేశాను. ఇద్దరం పొయ్యి దగ్గరే కూర్చుని తిన్నాం. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, వారం రోజుల తర్వాత నాకు ఆ పూటే అన్నం సహించింది.

గురువారం, ఒకటో తేదీ. నాలుగింటికే లేచాను. నిర్మల స్నానానికి నీళ్లు పొయ్యి మీద పెట్టి, దీపం వెలిగిద్దామని గూట్లోంచి ఇప్పనూనె సీసా తీసి ప్రమిద మీద వంచాను. నూనె రాలేదు.

చలికాలంలో ఇప్పనూనె పొద్దున పూట రాదు. నెయ్యిలా పేరుకుంటుంది. ప్రతి ఏడూ పుష్యమాసంలో సీసాను పొయ్యి గట్టు మీద కాసేపు పెట్టి దీపం వెలిగించడం నాకు అలవాటే. ఇన్నేళ్లు చేసిన పని. సీసా అలా వంచి పట్టుకునే ఉన్నాను. బయట నిర్మల పెడల్ తొక్కుతున్న చప్పుడు. ఇంజను మూలుగు. ఆగడం. మళ్లీ మూలుగు.

అప్పుడు నాకు తెలిసింది. పొద్దున కదలని బండి ఎండెక్కితే ఎందుకు కదిలిందో తెలిసింది. ట్యాంకు కింది సన్నటి గొట్టంలో, కార్బురేటరు అడుగున, రాత్రి చలికి నా చేతి నూనె పేరుకుని కూర్చుంది. ఒక చెంబెడు వేడినీళ్లు ఆ ఇనుము మీద పోస్తే చాలు. నీళ్లు పొయ్యి మీద మరుగుతూనే ఉన్నాయి.

నిర్మల లోపలికి వచ్చింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది. "నీకేమన్న తోస్తందా వదినా? పుస్తకం అంతా నీకే వచ్చు గదా."

"నాకేం తెలుస్తదమ్మా బండి సంగతి" అన్నాను.

సీసా గూట్లో పెట్టేశాను. ఆ రోజు దీపం వెలిగించలేదు.

ఎందుకు చెప్పలేదో అప్పటి నుంచి చాలాసార్లు ఆలోచించాను. ఆమె ఉద్యోగం పోగొట్టాలని కాదు. ఒక్క పూట, ఇంకొక్క పూట అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

పాలాయన చేత కబురు పంపితే దమ్మపేట నుంచి గౌస్ సైకిల్ మీద వచ్చేసరికి పదకొండు దాటింది. సైకిళ్లు, పంపుసెట్లు, మోపెడ్లు అన్నీ అతనే బాగుచేసేవాడు. వసారా ఎండలో ఉన్న బండిని ఒకసారి చుట్టూ తిరిగి చూసి, చెప్పు విడిచి, ఒక్కసారి తొక్కాడు. బండి అందుకుంది.

"ఏంది మేడమ్, దీనికోసమా నన్ను ఏడు కిలోమీటర్లు తొక్కిచ్చిన్రు?"

"పొద్దున మూడు గంటలు తొక్కిన గౌస్ భాయ్, నా కాళ్లు చూడు ఎట్ల వణుకుతున్నయో."

"అయితే నేనంటే భయం దానికి." కార్బురేటరు విప్పి గిన్నె చూశాడు. ఎండకు అంతా కరిగిపోయి ఉంది. "సాఫ్‌గానే ఉన్నది" అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, పక్కింట్ల గారెలు చేస్తున్నరా? కమ్మటి వాసనొస్తంది."

"ఒకటో తారీకు గదా, ఎవరో చేసుకుంటున్నరేమో" అన్నాను.

మా పక్కిల్లు అర కిలోమీటరు దూరం. గౌస్ ఆ వైపు చూసి, నన్ను చూసి, గిన్నె మళ్లీ బిగించాడు. నిర్మలతో మాత్రం గట్టిగానే చెప్పాడు. "పొద్దున సచ్చుడు, ఎండెక్కితే లేసుడు. బీమారేందో తెల్వకుండ గిట్లాంటి బండిని నమ్మి అడవిల ఒక్కరే పోవద్దు మేడమ్. రేపొచ్చి దుకాణానికి తీసుకపోత. ఇంజను విప్పి చూస్త. నాల్గు రోజులు పడ్తది."

అతను వెళ్లేసరికి పన్నెండు దాటింది. కాగితంలో రాసిన గడువు దాటిపోయింది.

నిర్మల చాలాసేపు వసారా మెట్టు మీద కూర్చుంది. తర్వాత లేచి వచ్చి, మామూలు గొంతుతోనే అంది: "పోనీ వదినా. నాకు రాసిపెట్టి లేదు. ఈడనే ఉంట. మిరపతోట చూసుకుంట. నీకు నేను, నాకు నువ్వు."

నేను కోరుకున్న మాట అదే. ఎనిమిదేళ్లుగా, ఆ కాగితం రాకముందు నుంచీ, ఆమె ఎప్పుడో అప్పుడు వెళ్లిపోతుందని భయపడుతూ నేను వినాలనుకున్న మాట. విన్నాను. లోపలికి పోయి రాత్రికి ఎన్ని గింజలు పోయాలా అని బియ్యం డబ్బా మూత కూడా తీశాను.

వెనక్కి తిరిగి చూస్తే నిర్మల సంచి విప్పుతోంది. వసారాలో, అదే చోట కూర్చుని, కళ్లెత్తకుండా, తెల్లచీర తీసి మోకాలి మీద పెట్టుకుని సాపు చేస్తోంది. రెండో చీర తీసింది. దాన్నీ సాపు చేసింది. జాడీ తీసి నా ముందుకు జరిపింది.

"ఇగో. మూత పెట్టుకో."

మూత తెచ్చి పెట్టాను. సరిగ్గా కూర్చుంది. ఆ చిన్న చప్పుడు నాకు భరించరానిదైంది. ఎక్కడికీ పోకుండానే జాడీ తిరిగొచ్చింది.

"నిర్మలా, బండిల ఇప్పనూనె ఉన్నది" అన్నాను.

"ఏంది?"

"నూనె అయిపోయిందని మంగళవారం నేనే పోసిన. మూడు మూతలు."

ఆమెకు అర్థం కాలేదు. లోపలి చీకటి గదిలోకి పోయి, చల్లటి మూల పెట్టిన ఇంకో సీసా తెచ్చి చూపించాను. ఆ వేళకు కూడా సగం దాకా తెల్లగా పేరుకునే ఉంది. సీసాను తలకిందులు చేశాను. నూనె కదల్లేదు. నిర్మల సీసాను చూసింది, బండిని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఊరంత బండికి నూనె పోస్తే, మా వదిన బండికి దీపారాధన చేసింది."

తర్వాత కన్నీళ్లు తుడుచుకుని అడిగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే. సీసా యాదికొచ్చి."

"గౌస్ భాయ్ గారెల వాసనన్నప్పుడన్న తట్టలేదా?"

"తట్టలేదు."

ఆమె నమ్మింది. నా అబద్ధాల్లో ఆమె నమ్మినవి చాలా తక్కువ. అది ఒకటి.

పొద్దు ఉండగానే పని మొదలుపెట్టాం. ట్యాంకు గొట్టం ఊడదీసి పెట్రోలంతా బొక్కెనలోకి వంపాం. గౌస్ విప్పగా చూసింది కాబట్టి, నిర్మల పానాతో కార్బురేటరు గిన్నె తేలిగ్గానే విప్పింది. నీడలో కాసేపు పెట్టేసరికి గిన్నె అడుగున వేలికి జిడ్డు తగిలింది. డబ్బాలో మిగిలిన మంచి పెట్రోలుతో మూడుసార్లు కడిగాం. అందులో ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, దానికి సూది మొనంత రంధ్రం. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుందని నిర్మల అంటే, నేను నోట్లో పెట్టుకుని ఊదాను. పెట్రోలు నాలుక మండించింది. రెండోసారి ఊదితే గాలి అటువైపు పోయింది. దాన్ని వెలుగుకు పెట్టి చూస్తే అందులోంచి అడవి మీది ఆకాశం చుక్కంత కనపడింది.

నూనెకు, మంగళవారం తట్టని మా పంపుసెట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. తోటలోకి పోయి ఇంజను షెడ్డులోని డబ్బా తెచ్చాను. ఈసారి నిర్మలే కొలిచింది. నేను పుస్తకం పట్టుకుని, రెండు మూతలకు మించనివ్వకుండా నిలబడ్డాను. కొలత తప్పలేదని ఆమె మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"రేపు పొద్దున పోయి కాళ్లన్న పట్టుకుంట. ఒక్కరోజే గదా ఆలస్యమైంది" అంది.

రాత్రి సంచి మళ్లీ సర్దాను. జాడీ మూత తీసి పంచె ముక్క కట్టాను. ఈసారి నిర్మలే దాన్ని చీరల మధ్య కూర్చోబెట్టింది.

శుక్రవారం ఇంకా చలి. వాకిట్లో పొగమంచు. పెడల్ రెండుసార్లు తిరిగిందో లేదో బండి అందుకుంది. "వెళ్లొస్త వదినా" అంది. నేను తల ఊపాను. నా నోట్లో ఇంకా పెట్రోలు రుచి ఉంది. అడవి మలుపు దాకా చప్పుడు విన్నాను, ఆ తర్వాత కూడా కొంతసేపు విన్నట్టే అనిపించింది. పొగలో ఏ వాసనా లేదు. వెళ్లినవాళ్ల వెనకే వాకిలి ఊడవకూడదని మధ్యాహ్నం దాకా చీపురు ముట్టలేదు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ చదివి పెట్టనా అంటే వద్దన్నాను. వసారాలో కూర్చుని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. శుక్రవారం తొమ్మిదింటికే చేరిందట. ఉద్యోగం పోలేదు. కానీ రోడ్డు మీది సెంటరును ఒకటో తేదీ మధ్యాహ్నం మూడింటికి కల్లూరు నుంచి వచ్చిన ఇంకొకామెకు ఇచ్చేశారు. మిగిలింది శబరి నది అవతలి సెంటరు. అక్కడికి రోడ్డు లేదు. పడవ దాటి, రెండు గంటలు నడవాలి. బండికి అక్కడ పనే లేదు. దాన్ని ఇవతలి ఒడ్డున పడవ నడిపే మనిషి వసారాలో పెట్టి పోయిందట. చివర్లో ఇలా రాసింది: "ఒక్క పూటలో పోయింది వదినా. పోనీ, నూనె సంగతి మనకు ముందే తెలిస్తే గదా. నువ్వు మనసులో పెట్టుకోకు."

ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకుతో అతికించాను.

రెండో శనివారం రాలేదు. వచ్చే వీలు లేదు. వేసవిలో వస్తానని రాసింది. వేసవిలో గూడేల్లో పిల్లలకు తట్టు లేచింది. దసరాకు వస్తానంది. అప్పటికి శబరి ఒడ్డుల దాకా ఉంది. నేనే వెళ్లి ఉండాల్సింది. భద్రాచలం దాటి ఒక్కదాన్నే బస్సులు మారి, పడవ ఎక్కాలంటే నాకు భయం. సంచి రెండుసార్లు సర్దుకుని, రెండుసార్లు విప్పాను. ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి, తర్వాత రెండు నెలలకొకటి. ఒకదాంట్లో ఆవకాయ అయిపోయిందని, జాడీ కడిగి పెట్టానని రాసింది.

1988 అక్టోబరులో గౌస్ ఎవరి లారీనో పట్టుకుని పోయి మోపెడ్ తెచ్చాడు. దించి స్టాండు మీద నిలబెట్టి, ఒక్కసారి తొక్కాడు. అందుకుంది. "మంచి బండి పెద్దమ్మా. ఏం బీమారి లేదు" అన్నాడు, ఇంకేం మాట్లాడాలో తెలియక. నిర్మలకు చెప్పలేకపోయినా, ముందే అతనికైనా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెప్పాను. ఆ గురువారం తెల్లవారుజామునే నాకు తెలుసని చెప్పాను. అతను వింటూ పానా తుడుచుకున్నాడు. "గారెల వాసన నాక్కూడ అనుమానమొచ్చింది పెద్దమ్మా. పెద్దవాళ్లను ఏమడుగుతం అని ఊకున్న" అన్నాడు.

ఇప్పుడు 1997. నాకు బండి తొక్కడం రాదు. అయినా ప్రతి ఆదివారం దాన్ని స్టాండు మీద పెట్టి, కొలిచిన నూనె, కొలిచిన పెట్రోలు పోసి, చేత్తో పెడల్ తిప్పి, ఇంజను అందుకున్నాక కాసేపు తిరగనిస్తాను. వాడకుండా ఉంచితే బిగుసుకుపోవునని పుస్తకంలో ఉంది.

బండి వచ్చింది. సంచి వచ్చింది. జాడీ, ఆమె రాసినట్టే కడిగి, తేమ పట్టకుండా లోపల కాగితం ముక్క పెట్టి ఉంది, మూత పెట్టాను. నిర్మలాదేవి రాలేదు. ఆమె 1987 జనవరి రెండో తేదీ శుక్రవారం పొద్దున అయిదింటికి వెళ్లింది. 1988 ఆగస్టు పదకొండో తేదీ గురువారం, శబరి అవతలి ఒడ్డున, పడవ దాటలేని వానలో, జ్వరంతో పోయింది.